బెంగుళూరు నుంచి మూడు గంటలు

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన రూతక్కకు,

ప్రభువు పేరిట నీకూ బావకూ వందనాలు చెప్పుకుని నీ చెల్లెలు సలోమి రాస్తున్నది. నువ్వూ బావా, పిల్లలూ, నా హెప్సీ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? చలి రోజులు మొదలవుతున్నాయి, బడిలో నిలబడి పాఠం చెప్పకు, కుర్చీ వేసుకో. నేను బాగానే ఉన్నాను. రెండుసార్లు బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఎప్పుడూ మూడు పేజీలు రాసేదానివి, ఈసారి సగం పేజీ. టమోటాలు వేసుకొని మదనపల్లె మార్కెట్టుకు పోయిన బావకు అక్కడ ఎవరో చెప్పారని, నేను బెంగుళూరు దాకా వచ్చి ఇంటికి రాకుండా పోయానని విన్నానని రాశావు. "నిజమేనా? నిజమైతే యాల?" అని అడిగి ఆపేశావు. కింద పేరు కూడా పెట్టలేదు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా మంచం అంచున కూర్చుని చదివాను. నువ్వు నా మీద అరిచి రాసినా ఇంత భయం వేసేది కాదు.

నిజమే అక్కా. వచ్చాను. ఒక రాత్రీ ఒక పగలూ బెంగుళూరులో ఉన్నాను. ఇంటికి రాలేదు. ఎందుకో రాయడానికే కూర్చున్నాను. ఇవాళ నాకు సెలవు. నా గదిలో ఉండే కోట్టయం అమ్మాయి లిల్లీ చర్చికి పోయింది. నేనూ పోవాల్సిందే, కానీ ఈ ఉత్తరం రాయకుండా పోయి అక్కడ కూర్చుని ఏం ప్రార్థన చేయను?

ఇక్కడ ఎండలు తగ్గాయి. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు స్వెట్టరు వేసుకోవలసి వస్తోంది. దుమ్ము మాత్రం తగ్గలేదు, కిటికీ మూసినా దుప్పటి మీద పడుతుంది. మెస్సులో పొడుగు బియ్యపు అన్నం పెడతారు, ఎంత కలిపినా ముద్ద కట్టదు. లిల్లీ మంచి పిల్ల. నాకు జ్వరం వస్తే గంజి కాచి ఇస్తుంది. అయినా ఆమె మలయాళంలో నవ్వుకుంటూ ఇంటికి ఫోను చేస్తుంటే నేను బయటికి పోయి వరండాలో నిలబడతాను. ఇరవై మూడు నెలలైంది అక్కా నేను వచ్చి. రెండేళ్లు నిండితే గాని సెలవు లేదని నీకు తెలుసు.

ఇక విషయానికి వస్తాను. మా వార్డులో మునియప్ప అని ఒకాయన ఐదు వారాలు ఉన్నాడు. మనవైపు మనిషి. కుప్పం అవతల, తమిళనాడు గట్టున పల్లె. నలభై ఏళ్లుంటాయి. ఇక్కడ పెద్ద పెద్ద భవనాలు కడిగే కంపెనీలో పని. ఒక భవనం కింద నీళ్లతొట్టి కడగడానికి పోతే లోపల ఏదో గ్యాసు నిండి ఉందట. ముందు దిగినవాడు పడిపోతే ఈయన లాగబోయి తనూ పడ్డాడు. ముందువాడు దక్కలేదు. ఈయన దక్కాడు గాని ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తీస్తే ఐదు నిమిషాలు నిలవలేడు.

మొదటిరోజు నేను లిల్లీతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నా వైపే చూస్తున్నాడు. తరువాత నా చేతిలోంచి ఏదో వస్తువు జారిపోతే "అయ్యో దేవుడా" అన్నాను. వెంటనే, "అమ్మా, మీది మదనపల్లె పక్కనా? మాట అట్లే ఉండాది," అన్నాడు. పుట్టింది మదనపల్లెలోనే, ఇప్పుడు మా అక్క పుంగనూరులో ఉంది, నా బిడ్డ అక్కడే పెరుగుతోంది అని చెప్పాను. ఆ రోజు నుంచి ఇంజెక్షను ఎవరు వేసినా పరవాలేదు గాని మాటలు మాత్రం నాతోనే. భార్య పేరు పాపమ్మ. పిల్లలు లేరు. పెళ్లయి పదహారేళ్లలో ఎనిమిదేళ్లు ఇక్కడే గడిచిపోయాయని చెప్పేవాడు.

ఐదు వారాలు చూసి పెద్ద డాక్టరు, ఇక మేం చేయగలిగింది చేశాం, నెలల తరబడి ఆక్సిజన్ మీద ఉండాలి, ఊళ్లో అయినవాళ్ల దగ్గర ఉండడం మంచిది అన్నాడు. కంపెనీవాళ్లు పంపడానికి ఒప్పుకున్నారు. విమానంలో చెన్నైకి, అక్కడి నుంచి అంబులెన్సులో వేలూరుకు. వెంట ఒక నర్సు పోవాలి. తెలుగు తెలిసినదాన్నీ, ఐసీయూలో చేసినదాన్నీ నేనే కాబట్టి మేట్రన్ నన్ను పిలిచింది. శనివారం పొద్దున పోవాలి, చెన్నై విమానాశ్రయంలో రోగిని అప్పగించి ఆ రాత్రి విమానానికే తిరిగి రావాలి. ఏం జరిగినా సోమవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండకపోతే నా కాంట్రాక్టు మళ్లీ రాయడం తన చేతుల్లో ఉండదని చెప్పింది. బెదిరించినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది.

ఈ సంగతి నీకు ముందే ఎందుకు రాయలేదని అడుగుతావు. చెన్నైకి వస్తున్నానని తెలిస్తే నువ్వు హెప్సీని తీసుకొని మీనంబాకం విమానాశ్రయం దాకా వచ్చేస్తావు. కటకటాల అవతల బిడ్డ, ఇవతల నేను, పది నిమిషాలు. అది నావల్ల కాదనుకున్నాను. అందుకే చెప్పలేదు.

బయల్దేరే ముందురోజు డాక్టరు నన్ను కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాడు. కువైట్ నుంచి చెన్నైకి మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. విమానం ఐదు గంటలు. ఎక్కించడానికి ఒక గంట, దించడానికి ఒక గంట, ఆలస్యమైతే ఇంకో గంట. మొత్తం ఎనిమిది గంటలు. నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున ఎనిమిది గంటలకు సరిపడే సిలిండర్లు విమానం వాళ్లే పెడతారు. బయటి సిలిండర్లను వాళ్లు లోపలికి రానివ్వరు. ఆ కాగితం మడిచి నాకు ఇచ్చాడు. ఇది సరిపోతుందా అని అడిగాను. "దారిలో ఏమీ మారకపోతే సరిపోతుంది," అన్నాడు.

విమానం వెనకభాగంలో ఆరు సీట్లు మడిచి వాటిపైన స్ట్రెచరు బిగించారు. చుట్టూ పరదా. అందరికన్నా ముందు మమ్మల్ని ఎక్కించారు. మునియప్ప కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని మీదే బెల్టులు కట్టాం. విమానం లేచేసరికే ఒక గంట సిలిండరు అయిపోయింది. అది లెక్కలో ఉన్నదే కాబట్టి నేను కంగారుపడలేదు.

లేచిన గంటకు అతని వేలికి పెట్టిన మిషన్లో, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే అంకె పడిపోవడం మొదలైంది. తొంభై ఒకటి ఉన్నది ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు, ఎనభై నాలుగు. పైన గాలి పలచన కదా, తగ్గుతుందని డాక్టరు చెప్పాడు గాని ఇంతనుకోలేదు. తల వైపు ఎత్తు పెట్టాను, వీపు రుద్దాను. లాభం లేక ఆరు లీటర్లకు పెంచాను. అంకె మెల్లగా ఎనభై తొమ్మిదికి వచ్చింది. అప్పుడు కాగితం తీసి మళ్లీ లెక్క వేశాను. మిగిలిన ఆరు గంటల ఆక్సిజన్ ఇప్పుడు నాలుగు గంటలకే వస్తుంది. ప్రయాణం ఇంకా నాలుగు గంటలుంది. అంటే చెన్నైలో చక్రాలు నేలకు తాకేసరికి సిలిండరు ఖాళీ.

"ఇంగెంత సేపమ్మా?" అన్నాడు మునియప్ప. ఇంకాసేపే, వచ్చేశాం అన్నాను.

"కాసేపంటే ఎంత? లెక్క చెప్పమ్మా. లెక్క తెలిస్తే ఓర్చుకుంటాను."

నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ అని చెప్పాను. తల ఆడించి కళ్లు మూసుకున్నాడు. అక్కడి నుంచి అరగంటకోసారి కళ్లు తెరిచేవాడు, నేను ఇంకెంత సేపో చెప్పేదాన్ని, మళ్లీ మూసుకునేవాడు. మధ్యలో నేను ఐదు లీటర్లకు తగ్గించి చూశాను. కాసేపు ఓర్చుకున్నాడు, పెదవులు నీలం తిరగగానే మళ్లీ పెంచాను. అలా తగ్గిస్తూ పెంచుతూ ఎంతో కొంత మిగిల్చాను.

విమానంలో పెద్ద హోస్టెస్ ఒకామె, యాభై దగ్గర పడిన మనిషి, పరదా తీసి వచ్చి నా చెవిలో చెప్పింది. చెన్నైలో ఒకటే వాన, విమానాలు దిగడం లేదట. కాసేపు పైనే తిరిగి చూస్తారట. సిలిండరు ముల్లు చూపించాను. ఆమె వెంటనే ముందుకు పోయి పైలట్‌తో చెప్పి వచ్చింది. విమానం సిబ్బంది కోసం ఉంచుకునే చిన్న సిలిండర్లు రెండు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఒక్కొక్కటి అరగంటకు మించి రాదని చెప్పింది.

పైన ఇరవై నిమిషాలు తిరిగాం. కిటికీలో తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. విమానం ఒక్కోసారి గుంటలో పడ్డట్టు దిగితే స్ట్రెచరు బెల్టులు కిర్రుమనేవి. తరువాత పైలట్ మైకులో చెన్నైలో దిగడం కుదరదనీ బెంగుళూరు పోతున్నామనీ చెప్పాడు. నలభై నిమిషాలు. సీట్లలోని వాళ్లందరూ గొణిగారు. బెంగుళూరు అన్న మాట వినగానే అక్కడి నుంచి పుంగనూరు మూడు గంటలే అనుకున్నాను. మొదట తలచుకున్నది మునియప్పను కాదు. అది నీ ముందు ఒప్పుకుంటున్నాను.

బెంగుళూరులో దిగేటప్పటికి పెద్ద సిలిండర్లు అయిపోయాయి, చిన్నవాటిలో ఒకటి అయిపోయింది, రెండోది మొదలుపెట్టాను. విమానాన్ని ఒక మూల నిలిపారు. వాన తగ్గగానే మళ్లీ చెన్నైకి పోతుంది, ఎవరూ దిగకూడదు అన్నారు. పెద్ద హోస్టెస్ వైర్లెస్‌లో ముందే చెప్పించింది గనుక విమానాశ్రయం డాక్టరు మెట్లెక్కి వచ్చాడు. అతని వెనక ఒక ఆఫీసరు. డాక్టరు చూడగానే ఈయన్ని దించాలి అన్నాడు. ఆఫీసరు కాగితాలన్నీ చెన్నైకి ఉన్నాయి, చూసుకోవడానికి ఇక్కడ ఎవరున్నారు, బాధ్యత ఎవరు తీసుకుంటారు అని అడుగుతున్నాడు. చెడ్డమనిషి కాదు, అతని పద్ధతి అతనిది. నేను మాత్రం అతని మొహం చూడడం లేదు, సిలిండరు ముల్లు చూస్తున్నాను.

అప్పుడు మునియప్ప నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకునే బలం లేదు, వేళ్లు తగిలించాడంతే.

"నన్ను దింపొద్దమ్మా. పాపమ్మ చెన్నైలో కాసుకొని ఉంటాది. ఆడికే పోతాను."

"అన్నా, చెన్నైకి ఇంకో గంట పడుతుంది. వాన తగ్గాకే పోయేది. నీ సిలిండర్లో ఇరవై నిమిషాలే ఉండాది. నువ్వు లెక్క చెప్పమన్నావు కదా, ఇదే లెక్క," అన్నాను. నాకు తెలియకుండానే మన మాట వచ్చేసింది.

"అట్లయితే ఆమె వచ్చేదాకా నువ్వు ఉంటావా?"

ఉంటానన్నాను. ఆ మాట అన్నాక ఆఫీసరు చేతిలో కాగితం తీసుకొని, వెంట ఉండేది నేను, బాధ్యత నాది అని సంతకం పెట్టాను. నువ్వు ఇక్కడ దిగితే నీ తిరుగు విమానం సంగతేమిటని అతను అడిగాడు. తరువాత చూస్తానన్నాను. అంబులెన్సులో పెద్ద సిలిండరు గొట్టం తగిలించినప్పుడు చిన్నదాంట్లో ముల్లు ఎర్రగీత కింద ఉంది.

ఆస్పత్రిలో గట్టి మాస్కు వేసి మిషను పెట్టారు. గంటకు అంకె తొంభై దాటింది. విమానం వాళ్లు చాలా సాయం చేశారు. మర్నాడు సాయంత్రం ఏడింటికి చెన్నైకి విమానం, అక్కడి నుంచి రాత్రి కువైట్ విమానం నాకు ఇప్పించారు. ఆరింటికల్లా విమానాశ్రయంలో ఉండాలన్నారు. చెన్నైలో మైకులో పాపమ్మ పేరు పిలిపించి విషయం చెప్పించారు. ఆమె వెంట తమ్ముడున్నాడు, మదనపల్లెలో టమోటా మండీలో పని చేస్తాడు. బావకు మార్కెట్లో చెప్పింది అతనే అయి ఉంటాడు. అతను మంచి చెప్పాననుకునే చెప్పి ఉంటాడు, అతని మీద కోపం పెట్టుకోకండి.

ఆ రాత్రంతా వానలో బస్సు ప్రయాణం చేసి ఆదివారం పొద్దున తొమ్మిది కావస్తుండగా వాళ్లిద్దరూ వచ్చారు. పాపమ్మ సన్నటి మనిషి. చీర అంచు తడిసి కాళ్లకు అంటుకుపోయి ఉంది. మంచం దగ్గరికి వచ్చి నిలబడింది, ఏడవలేదు. మాస్కు, గొట్టాలు, మిషను అన్నీ ఒకసారి చూసింది. ఆయన కళ్లు తెరిచి చెయ్యి లేపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకొని నా వైపు తిరిగి, "ఈయనకు అన్నం పెట్టచ్చునా అమ్మా?" అని అడిగింది. డాక్టరు చెప్పాక పెట్టు అన్నాను. మందుల సంగతీ కాగితాల సంగతీ తమ్ముడికి వివరంగా చెప్పి, డాక్టరుకు అప్పగించి బయటికి వచ్చాను.

అక్కా, ఇప్పటిదాకా రాసింది ఎవరికైనా చెప్పుకోగలను. ఇక్కడి నుంచి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఆస్పత్రి గేటు దగ్గర గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. సాయంత్రం ఆరుదాకా నేను ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఆటో ఎక్కి మెజెస్టిక్ బస్టాండు అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోరే అనేసింది. అక్కడ కోలారు, ముళబాగిలు మీదుగా పుంగనూరు పోయే బస్సు నిలబడి ఉంది. ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. పది గంటలకు కదులుతుందన్నాడు కండక్టరు.

కూర్చుని లెక్క వేశాను. ఆ రెండు రోజులుగా నాకు అదే పని అయిపోయింది. పదికి కదిలితే పుంగనూరు ఒంటిగంటకో, ఒకటింబావుకో. తిరిగి రెండు గంటల బస్సు పట్టుకోవాలి. అంటే ముప్పావుగంట. దారిలో ఎక్కడైనా బస్సు ఆగిపోతే విమానం పోతుంది, దానితో ఉద్యోగం పోతుంది. ఇది నీకు చెప్పుకోవడానికి మంచి కారణం. చాలా రోజులు నాకు నేనే ఇదే చెప్పుకున్నాను. కానీ ఇది కారణం కాదు. బస్సు దొరకకపోతే టాక్సీ మాట్లాడుకోవచ్చు. మనసుంటే దారి ఉంది.

నేను వచ్చేసిన రోజు నీకు గుర్తుందా? హెప్సీకి నాలుగున్నర ఏళ్లు. నా కొంగు పట్టుకొని వదలకపోతే నువ్వే దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పావు. తరువాత తొమ్మిది రోజులు దానికి జ్వరం కాసిందని, నిద్రలో లేచి తలుపు దగ్గరికి పోయేదని మూడు నెలలకు గాని నువ్వు నాకు రాయలేదు. ముప్పావుగంట కోసం మళ్లీ ఆ వేళ్లు విప్పించాలా అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఈసారి విప్పవలసింది నా వేళ్లు. ఆ ఇంట్లో అడుగు పెడితే మళ్లీ లేచి రాలేనని నాకు తెలిసిపోయింది. మా ఆయన పోయాక నువ్వూ బావా నన్నూ నా బిడ్డనూ తలకెత్తుకున్నారు. మళ్లీ వచ్చి ఖాళీ చేతులతో మీ గడపలో కూర్చోవడానికి భయపడ్డాను. నా బిడ్డను చూడడానికి భయపడ్డాను అక్కా. బస్సు దిగేశాను.

దిగినదాన్ని ఊరికే ఉండలేదు. బస్సు పక్కనే ఎస్టీడీ బూతు ఉంది. మీ గొంతు విందామని ఇంటికి ఫోను చేశాను. ఆదివారం కదా, మీరంతా చర్చికి పోయుంటారని గుర్తు రాలేదు. హెప్సీ తీసింది.

"పెద్దమ్మా వాళ్లు చర్చికి పోయినారు. నాకు జలుబు. పక్కింటి అవ్వ ఉండాది," అంది. తరువాత, "అమ్మా, ఈ పొద్దు శుక్రవారం కాదే," అంది.

ఊరికే చేశానమ్మా అన్నాను. మందు తాగావా, అన్నం తిన్నావా అని అడుగుతున్నాను. నా వెనక కండక్టరు బస్సు మీద కొడుతూ కేకలు వేస్తున్నాడు. అది విని హెప్సీ, "అమ్మా, ఆడ ఎవురో పుంగనూరు పుంగనూరు అని పిలస్తాండారు," అంది.

టీవీలోనమ్మా అన్నాను.

"టీవీలో మన ఊరి పేరు యాల చెప్తారు?"

లైను సరిగ్గా లేదమ్మా, మళ్లీ చేస్తానని పెట్టేశాను. బస్సు కదిలి పోయింది. దాని వెనక అద్దం మీద ఊరి పేరు మలుపు తిరిగేదాకా కనిపించింది. నేను విమానాశ్రయానికి పోయి సాయంత్రందాకా ఒక కుర్చీలో కూర్చున్నాను. కువైట్ నుంచి చెన్నైకి ఐదు గంటలు ఎగిరి రాగలిగాను, మూడు గంటల దారి పోలేకపోయాను.

ఆ తరువాత మూడు శుక్రవారాలు నేను ఫోను చేస్తే హెప్సీ రాలేదు. ఆడుకుంటోందని ఒకసారి, నిద్రపోయిందని ఒకసారి, రానంటోందని మొన్న నువ్వు చెప్పావు. పిల్లలకు అట్లే ఉంటాదిలే, బెంగపడొద్దు అన్నావు. నాకు కారణం తెలుసు. నీకు తెలియదు. దానికి ఆరేళ్లు, అయినా ఆ సంగతి మీలో ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. తల్లి అబద్ధం చెప్పిందని చెప్పుకోలేక దాచుకుందో, నిజంగా నేను దగ్గరిదాకా వచ్చి ఇంటికి రాలేదేమోనని భయపడి దాచుకుందో నాకు తెలియదు. ఏదైనా దాని వయసుకు చాలా బరువు.

నువ్వు నన్ను తిట్టు. బావ తిట్టినా పడతాను. కానీ నాకోసం దానికి ఇంకో అబద్ధం చెప్పొద్దు. ఈ ఉత్తరంతో దానికి వేరే కాగితం పెట్టాను. నువ్వే పక్కన కూర్చోబెట్టుకొని చదివి వినిపించు. ఏమైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు.

బుధవారం నాడు మేట్రన్ కాంట్రాక్టు కాగితాలు ముందు పెట్టింది. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. ముందు ఇంటికి పోయి వస్తాను, తరువాతే సంతకం అన్నాను. అలా అయితే ఈ చోటు నీకోసం ఉంటుందని మాట ఇవ్వలేనని ఆమె అంది. ఉండకపోతే వద్దన్నాను. మాట మార్చలేదు. నిన్న సెలవు కాగితం వచ్చింది. వచ్చే నెల రెండోవారం బయల్దేరుతున్నాను, నలభై రోజులు. తరువాత ఏమిటో నేను, నువ్వు, బావ కూర్చుని మాట్లాడుకుందాం. హెప్సీని కూడా కూర్చోబెట్టుకుందాం.

మునియప్ప గురించి కూడా చెప్పాలి. పాపమ్మ తమ్ముడు ఎవరిచేతో ఉత్తరం రాయించాడు. పది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి పోయాడట. మంచం పక్కన సిలిండరు పెట్టుకొని ఉంటున్నాడు. పొద్దున పూట గొట్టం తీసి కాసేపు అరుగు మీద కూర్చోగలుగుతున్నాడట. పనికి మాత్రం ఇక పోలేడు. పాపమ్మ నన్ను ఒకసారి వాళ్లింటికి రమ్మందట. వచ్చినప్పుడు కుప్పం పోదాం, నువ్వూ రా.

పక్కింటి అవ్వకు నా నమస్కారాలు. పాస్టరయ్యకూ అమ్మగారికీ వందనాలు చెప్పి నాకోసం ప్రార్థన చేయమను. బావకు కాళ్లకు మొక్కినట్టు చెప్పు. పిల్లలకు ముద్దులు. హెప్సీ పాదం కొలత కాగితం మీద గీసి వెంటనే పంపు, చెప్పులు తెస్తాను. నువ్వు పెద్దదానివి, నా తల్లి స్థానంలో ఉన్నదానివి. కోపం ఉన్నా సరే, నన్ను దీవించు.

నీ చెల్లెలు,
సలోమి.

(హెప్సీకి చదివి వినిపించేది)

హెప్సీ,

ఆ ఆదివారం నేను ఫోను చేసింది కువైట్ నుంచి కాదు. బెంగుళూరు బస్టాండు నుంచి. నువ్వు విన్నది టీవీ కాదు. పుంగనూరు బస్సు కండక్టరు పిలుస్తున్నాడు. నువ్వు సరిగ్గానే విన్నావు, నేనే అబద్ధం చెప్పాను. ఆ బస్సు ఎక్కి కూర్చుని కూడా దిగేశాను. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నీ మీద కోపంతో కాదు, ప్రేమ లేక కాదు. మళ్లీ నిన్ను వదిలి రావడానికి నాకు ధైర్యం చాలలేదు. అది నా తప్పు.

ఇది విన్నాక వచ్చే శుక్రవారం ఫోను చేస్తాను. నీకు రావాలనిపిస్తే రా, లేకపోతే రావద్దు. నేను మళ్లీ చేస్తాను. కోపంగా ఉంటే ఆ కోపమే ఫోనులో చెప్పు, నేను పెట్టేయను.

అమ్మ.